వెన్న లేని పనస పొట్టు పఫ్‌లు: ఎండాకాలంలో 120 ముక్కల ఆర్డరు

రాజమహేంద్రవరంలో ఇంటి నుంచే పిండివంటలు చేసి అమ్మే ఒకావిడకు ఏప్రిల్ నెలాఖరులో ఒక గృహప్రవేశం ఆర్డరు వచ్చింది. సాయంత్రం ఫలహారానికి పనస పొట్టు కూర పెట్టిన కర్రీ పఫ్‌లు 120 కావాలి. పూజ జరిగే రోజు కాబట్టి ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. గుడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు షరతు ఇంకొకటి ఉంది: ఆ ఇంటి మనవడికి పాల అలర్జీ. వాడికి విడిగా డబ్బాలో పెట్టి ఇవ్వడం నానమ్మకు ఇష్టం లేదు. వచ్చినవాళ్లందరూ తినేదే వాడూ తినాలి, అదే పళ్లెంలోంచి తీసుకోవాలి అన్నారామె. అంటే మొత్తం 120 ముక్కల్లో ఎక్కడా వెన్న, నెయ్యి, పాలు, పెరుగు, పాలపొడి ఉండకూడదు.

నేను ఇంటి ఓవెన్ల మీద బేకింగ్ నేర్పుతాను. ఇంటి నుంచి అమ్ముకొనేవాళ్లకు ఏదైనా వంటకం కుదరనప్పుడు వెళ్లి చూసి కొలతలు సరిచేసి ఇస్తుంటాను. నాకు ఫోను చేసే సమయానికే ఆవిడ నమూనాగా కొన్ని చేసి చూశారు. "పైన ఎర్రబడుతోంది మేడం, అడుగు మాత్రం పచ్చిగా, తడిగా ఉంటోంది. సగానికి సగం నోరు తెరుస్తున్నాయి. వెన్నకు బదులు ఏం వేయాలో చెప్పండి చాలు" అన్నారు.

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. పాలు లేని వంట అనగానే అందరూ వెన్నకు బదులేమిటి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. వెన్న తీసేస్తే తగ్గే రుచిని ఇంగువ, కరివేపాకు, చింతపండు పడిన కూర తేలిగ్గా పూడ్చేస్తుంది. ఇలాంటి పఫ్‌ను చెడగొట్టేవి కూరలోని నీరు, వంటింట్లోని వేడి. మేము పడిన శ్రమంతా ఆ రెండింటితోనే.

ముందు అలర్జీ సంగతి

పాలు పడకపోవడం ఒకటి, పాల అలర్జీ మరొకటి. పాలు పడనివాళ్లకు ఇబ్బంది పాలలోని లాక్టోజ్ అనే చక్కెరతో. వాళ్లలో చాలామంది కొద్దిగా పెరుగు తిన్నా, నెయ్యి వేసుకున్నా ఏమీ కాదు. అలర్జీ పాలలోని మాంసకృత్తులకు వస్తుంది. అక్కడ మోతాదు లెక్క పనికిరాదు, కొంచెం తగిలినా ఒళ్లంతా దద్దుర్లు లేవవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. నెయ్యి కాచేటప్పుడు మాంసకృత్తులు చాలావరకు గసిలోకి పోతాయి గానీ పూర్తిగా పోవు. కాబట్టి "నెయ్యేగా, పర్వాలేదు" అన్న మాట ఈ వంటింట్లో వినపడకూడదని మొదటి రోజే చెప్పాను.

ఇంకొక భ్రమ పొట్లం మీది ఆకుపచ్చ చుక్క గురించి. ఆ చుక్క శాకాహారం అని మాత్రమే చెబుతుంది. మన నిబంధనల్లో పాలు శాకాహారమే. పాల పదార్థాలు కూడా లేనివాటి కోసం ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వీగన్ ఆహార నిబంధనలు తెచ్చింది, వాటికి వేరే గుర్తు ఉంది. అది లేని సరుకు విషయంలో వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవడం తప్ప దారి లేదు. పాలు కలిసి ఉంటే అలర్జీ కారకంగా ఆ సంగతి పొట్లం మీద చెప్పి తీరాలి. మేము కొన్న ప్రతి సరుకునూ అలాగే చదివాం. ఇంగువ డబ్బా మీద మైదా కనబడింది. పిల్లవాడికి గోధుమతో ఇబ్బంది లేదు కాబట్టి దాన్ని ఉంచాం. వేరుశనగ, జీడిపప్పు, సోయా తింటాడా అని తల్లిని అడిగాం. వేరుశనగ చట్నీతో రోజూ ఇడ్లీ తింటాడని, సోయా కూడా అలవాటేనని, జీడిపప్పు మాత్రం ఎప్పుడూ పెట్టలేదని చెప్పింది. పెళ్లిళ్ల పొట్టు కూరలో జీడిపప్పు పడితేనే దర్జా అనుకొనే ఊరిలో దాన్ని మానుకోవడానికి ఆవిడ కొంచెం బాధపడ్డారు.

వంటింట్లో చపాతీ పీట మార్చాం. చెక్క పీటకు ఏళ్ల తరబడి పట్టిన నెయ్యి కడిగితే పోదు. గ్రానైటు గట్టును సబ్బుతో కడిగి దాని మీదే ఒత్తుకోవాలని నిర్ణయించాం. ఓవెన్ ట్రేలు కొత్తవి కొన్నారు. బేకరీ వాళ్ల పెద్ద ఓవెన్ అడిగి తెచ్చుకుంటే ఒకే విడతలో పని అయ్యేది గానీ, అక్కడ గాలిలోనే పాలపొడి తిరుగుతుంటుంది. ఆ ఆలోచన వద్దన్నాను. ట్రేల మీద పరిచే బటర్ పేపర్‌లో బటర్ ఉండదని ఆ ఇంటివాళ్లకు ఫోనులో నచ్చజెప్పాల్సి వచ్చింది, అది వేరే కథ.

కొవ్వు

మొదటి నమూనాలో ఆవిడ శుద్ధి చేసిన కొబ్బరి నూనెను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, తురిమి మైదాలో కలిపారు. పొద్దున్నే చేసినప్పుడు బాగానే ఉందట. మధ్యాహ్నం చేసినవి జిడ్డు కక్కాయి.

అందులో వింత లేదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల వరకు ఆగుతుంది. ఏప్రిల్ చివర గోదావరి గట్టున మధ్యాహ్నం వంటింట్లో, అందులోనూ ఓవెన్ వెలిగించాక, వెన్న కూడా నిలవదు. ఇంక కొబ్బరి నూనె ఎంత? పోనీ చల్లగా ఉంచి వాడదామంటే ఫ్రిజ్‌లోంచి తీసిన కొబ్బరి నూనె రాయిలా ఉంటుంది, ఒత్తితే సాగదు, పగులుతుంది. రాయికీ నీళ్లకూ మధ్య అది మెత్తగా మాట వినే వేళ ఆ వంటింట్లో నిమిషాలు కూడా దక్కదు. కొవ్వు ఓవెన్‌లోకి వెళ్లకముందే కరిగితే పిండి దాన్ని పీల్చేస్తుంది, పొరలు విడదీయడానికి కొవ్వు ముక్కలే మిగలవు. అంతకంటే పెద్ద నష్టం అంచుల దగ్గర జరుగుతుంది. నూనె చిమ్మిన అంచులు ఎంత నొక్కినా అతకవు. ఆవిడ చెప్పిన తెరుచుకున్న నోళ్లకు సగం కారణం అదే.

బేకరీలు పఫ్‌లకు వాడే గట్టి మార్జరిన్ ఎక్కువగా పామాయిల్‌తో తయారవుతుంది. ఒంటి వేడి కంటే ఎక్కువ వేడికి గానీ కరగకుండా చేస్తారు కాబట్టే ఎండలోనూ పొరలు పొరలుగా వస్తుంది, తిన్నాక అంగిలికి అంటుకొనేదీ అందుకే. మార్జరిన్ అనగానే విషం అన్నట్టు మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్లు మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది, పాత వనస్పతి రోజుల భయం ఇప్పుడు అంత అక్కర్లేదు. కానీ దుకాణంలో దొరికిన పొట్లం తిప్పి చూస్తే పదార్థాల్లో పాల ఘనపదార్థాలు అని ఉంది. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. కోకో బటర్ (పాలతో సంబంధం లేని కోకో గింజల కొవ్వు) గట్టిగా ఉంటుంది కదా, కొబ్బరి నూనెలో కలిపితే ఆగుతుందేమో అని ఆవిడ అడిగారు. ఆ రెండూ కలిస్తే కోకో బటర్ ఉన్న గట్టిదనాన్ని పోగొట్టుకొని మెత్తబడుతుంది. ఖర్చు దండగ.

అందుకని గట్టి కొవ్వునే వదిలేశాం. కరిగిపోతుందన్న భయం ముందే కరిగి ఉన్న నూనెకు ఉండదు. కజ్జికాయలకు, గవ్వలకు మన ఇళ్లలో చేసే పనే ఇక్కడా చేశాం: నూనె కాచి పిండిలో పోసి, పిండి రేణువులకు నూనె పట్టేలా రుద్దడం. నూనె పట్టిన పిండి నీటిని తక్కువ పీలుస్తుంది, గోధుమలోని జిగురు, అంటే గ్లూటెన్, సాగుడు తగ్గుతుంది, కాలాక పెళుసుగా విరుగుతుంది.

దీనివల్ల పొరలు రావు. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పి, నాలుగు ముక్కలు రుచి చూపించి ఒప్పించమన్నాను. పఫ్ అని పిలిచిన ప్రతిదానికీ పొరలు ఉండాల్సిన పని లేదని నా అభిప్రాయం. హైదరాబాద్ విందుల్లో వడ్డించే లుఖ్మీ చదరంగా, బల్లపరుపుగా ఉంటుంది, పొరలుండవు, ఖీమా కూరి నూనెలో వేయిస్తారు, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ వాళ్ల పేస్టీకి 2011లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అర్ధచంద్రాకారం, పక్కన తాడులా మడిచిన అంచు, చూడగానే మన కజ్జికాయకు అన్నగారిలా ఉంటుంది. అందులో మాంసం, దుంపలు పచ్చివే పెట్టి చాలాసేపు కాలుస్తారు. మన పొట్టు కూరతో ఆ ఆట కుదరదు.

పిండి కొలత

ఒక విడతకు 250 గ్రాముల మైదా, 75 గ్రాముల వేరుశనగ నూనె, సుమారు 90 గ్రాముల నీళ్లు, 5 గ్రాముల ఉప్పు. మైదాలో ఒక పెద్ద చెంచా తీసేసి ఆ మేరకు బియ్యప్పిండి వేస్తే కరకర పెరుగుతుంది. నూనెను పొగ రాకుండా వేడి చేసి పిండిలో పోసి, చెంచాతో తిప్పి, చేయి పట్టే వేడికి వచ్చాక వేళ్లతో రుద్దాలి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తడితే విడిపోవాలి. అప్పుడు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా. పూరీ పిండి కంటే ఒక పిసరు మెత్తగా ఆగాలి. ఎక్కువ మర్దన వద్దు, కలిసింది అనిపించగానే చేయి తీసేయాలి. తడి గుడ్డ కప్పి అరగంటకు పైగా వదిలేయాలి.

దీనికి 14 ఉండలు వస్తాయి, ఒక్కొక్కటి 30 గ్రాములు. 120 ముక్కలకు పోయేది, విరిగేది కలిపి 2.2 కిలోల మైదా అనుకున్నాం, సరిపోయింది. ఉండను 11 సెంటీమీటర్ల వెడల్పున, రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా ఒత్తాలి. వేపుడు కజ్జికాయ అలవాటున్న చేయి పల్చగా ఒత్తేస్తుంది. ఓవెన్‌లో ఆ పల్చదనం కూర బరువును మోయలేదు.

ఆవిడ దగ్గర కజ్జికాయల అచ్చు ఉంది. పని త్వరగా అవుతుందని దానితో చేసి చూశాం. అంచు చక్కగా తెగుతుంది గానీ అతుకు సన్నగా ఉండి ఆవిరి ఒత్తిడికి విడిపోయింది. అచ్చును పక్కన పెట్టి, అంచుకు నీళ్లు తడిపి, నొక్కి, చేత్తో తాడులా మడిచిన వాటిలో విచ్చుకున్నవి ఎప్పుడో ఒకటి. ఆ మడత ఆవిడ అత్తగారికి వచ్చు. ఆరోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి అంచుల పని పూర్తిగా ఆమెకే అప్పగించాం.

పొట్టు కూర, అందులోని నీరు

వేసవిలో లేత పనసకాయ బాగా దొరుకుతుంది. గోదావరి జిల్లాల బజార్లలో కాయను చెక్కు తీసి, కత్తితో నరికి పొట్టుగా అమ్మేవాళ్లు ఉంటారు. తాజాగా కళ్ల ముందు కొట్టించుకోవడం మేలు. ఉదయం కొట్టి పెట్టిన పొట్టు మధ్యాహ్నానికి నల్లబడి పులుపు వాసన వేస్తుంది. పొట్టు మరీ సన్నంగా ఉంటే ఉడికాక గుజ్జయిపోతుంది. ముతకగా ఉంటే పిండిని పొడుచుకొని బయటికి వస్తుంది. పెసరగింజంత ముక్కలు అని నేను చెబుతాను.

ఆవిడ పొట్టు కూర రుచికి వంక పెట్టలేం. అన్నంలోకి చేసే కూర అది. సమస్య కూడా అదే. అన్నంలోకి కూర కొంచెం తడిగా ఉంటే కలుపుకోవడానికి బాగుంటుంది. ఆ తడి పఫ్‌లో ఆవిరై పైకి పోలేక అడుగుకు దిగి పిండిని నానబెడుతుంది. పొట్టును పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు నీళ్లతో ఉడికించాక చేత్తో పిండితే చాలు అనుకున్నారు. చేతికి రానంత నీరు పొట్టులో దాగి ఉంటుంది.

నేను తూకం పెట్టించాను. ఉడికించి, గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి నీరు దించిన పొట్టును తూచి, పోపులో వేసి వేయించి మళ్లీ తూచాలి. మొదటి తూకంలో నాలుగో వంతు తగ్గేవరకు స్టవ్ మీది నుంచి దించకూడదు. వెడల్పు మూకుడు కావాలి. లోతు గిన్నెలో ఎంతసేపు వేయించినా ఉడుకుతుందే గానీ ఆరదు. తూకం యంత్రం లేనివాళ్లకు ఒక పరీక్ష ఉంది: చల్లారిన కూర ఒక చెంచా స్టీలు పళ్లెంలో పెట్టి, పళ్లెం వాల్చి కొన్ని నిమిషాలు ఉంచాలి. కింద తడి గీత పడకపోతే కూర సిద్ధం.

ఇంత ఆరబెడితే నోట్లో పొడిపొడిగా ఉండదా అని ఆవిడ సందేహం. అందుకే నూనె తగ్గించలేదు. పోపులో నూనె కాస్త ఎక్కువే వేయించాను, అది పిండిని తడపదు, నోటికి మెత్తదనం ఇస్తుంది. చివర వేయించిన శనగపప్పు, అదే పుట్నాల పప్పు, పొడి చేసి కిలో పొట్టుకు మూడు పెద్ద చెంచాలు కలిపాం. మిగిలిన తడిని అది పట్టుకుంటుంది, కమ్మదనమూ వస్తుంది. పోపులోని పచ్చి శనగపప్పును మాత్రం అరగంట నానబెట్టి వేయించాలి. లేకపోతే రెండోసారి ఓవెన్‌లో కాలి పంటికి రాయిలా తగులుతుంది. చింతపండును చిక్కటి గుజ్జుగా, తక్కువగా వేశాం. ఉప్పు, కారం అన్నంలోకి వేసేంత వేయాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న పిండి చప్పన. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు ధారాళంగా.

కూర పూర్తిగా చల్లారాకే కూరాలి. వేడి కూర నుంచి వచ్చే ఆవిరి లోపలే నీరవుతుంది. అయితే ఎండాకాలంలో చల్లారడానికి గిన్నెలో వదిలేస్తే పాడవుతుంది. వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పరిచి, ఫ్యాను కింద పెట్టి, ఆరగానే ఫ్రిజ్‌లోకి. పులుపు ఉంది కదా పాడుకాదులే అన్న నమ్మకం మీద పిల్లలు తినే వంట చేయకూడదు.

ఆవ పెట్టే గొడవ

నాకు ఈ ఆర్డరులో ఎక్కువ ఆసక్తి కలిగించిన భాగం ఇది. నమూనా ముక్కలు తిన్న నానమ్మ ఫోనులో అన్న మాట: "బాగున్నాయమ్మా, కానీ ఆవ పెట్టని పొట్టు కూరేమిటి?" ఆవిడ ఆవ పెట్టారు. మామూలుగా పెట్టేంత పెట్టారు. ఓవెన్‌లో అది కాస్తా మాయమైంది.

ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజను నలిపి నీళ్లు తగిలించినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము, గింజలోని సినిగ్రిన్ కలిసి ఘాటైన నూనెను పుట్టిస్తాయి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చస్తుంది, ఘాటు పుట్టదు. పుట్టిన ఘాటు కూడా వేడికి ఎగిరిపోయే రకం. మన ఇళ్లలో స్టవ్ ఆపి, కూర గోరువెచ్చన అయ్యాకే ఆవ ముద్ద కలపడం అందుకే. ఓవెన్‌లో అరగంటసేపు మూతపెట్టిన పిండిలో ఉడికే కూరలో ఆవ బతికే అవకాశం లేదు. ఘాటు పోయి చేదు మాత్రం మిగులుతుంది. ఆవ రెట్టింపు వేసి చూద్దాం అని ఆవిడ అన్నారు. చేదు రెట్టింపు అవుతుందని చెప్పాను.

పులుపు కలిపితే ఘాటు పుట్టడం నెమ్మదించినా, పుట్టినది ఎక్కువసేపు నిలుస్తుంది. చల్లటి నీళ్లతో నూరి, పది నిమిషాలు ఉంచి, తర్వాత చింతపండు గుజ్జు, ఉప్పు కలిపిన ముద్దతో ప్రయత్నించాం. కాలిన తర్వాత పల్చటి జాడ దొరికింది, అంతే. నానమ్మగారిని మెప్పించేంత కాదు.

అప్పుడు ఇంగ్లండ్ వాళ్లు పిండిలో పంది మాంసం కూరి కాల్చే పోర్క్ పై గుర్తొచ్చింది. దాన్ని కాల్చాక, పైన ఆవిరి కోసం పెట్టిన రంధ్రంలోంచి రసం పోసి గడ్డకట్టనిస్తారు. మన పఫ్‌కూ ఆవిరి రంధ్రం ఎలాగూ ఉంది. ఆవను మెత్తగా, జారుగా నూరి, సన్న ముక్కు ఉన్న సీసాలో పోసి, కాలిన పఫ్ గోరువెచ్చగా అయ్యాక రంధ్రంలో అర చెంచా వదిలాం. అద్భుతంగా పనిచేసింది. కొరకగానే ముక్కుకు తాకే ఘాటు, అచ్చం ఇంట్లో పొట్టు కూర తిన్నట్టే. లోపాలూ ఉన్నాయి: రంధ్రం చుట్టూ అరగంటలో మెత్తబడుతుంది, ఆవ సరిగా మెత్తగా లేకపోతే సీసా ముక్కు మూసుకుపోతుంది, పైగా 120 ముక్కలకు ఒక్కొక్కటిగా చేయడం అంటే ఒక మనిషి పని. చివరికి ఇలా తేల్చాం: ఇంటి పెద్దలు తినే డజను ముక్కలకు వడ్డించే ముందు ఆవ పోయడం, మిగిలిన అందరికీ పచ్చి మామిడికాయ, కొబ్బరి, ఆవ కలిపి నూరిన పచ్చడి పక్కన పెట్టడం. మామూలుగా ఇలాంటి పచ్చడిలో కలిపే పెరుగు పడకుండా చూడటమే జాగ్రత్త. కొబ్బరి ఎండకు తొందరగా పాడవుతుంది కాబట్టి పచ్చడి ఫలహారానికి ముందు మాత్రమే నూరాలి.

పిల్లలకు పచ్చడి విడిగా ఉండటమే మంచిదైంది. ఘాటు వద్దన్నవాళ్లు ముంచుకోరు.

ఓవెన్

ఆవిడ ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మీద 200 డిగ్రీలు పెడితే లోపల పెట్టిన ఓవెన్ థర్మామీటరు 180 దగ్గర ఆగింది. ఇంటి ఓవెన్లలో ఇది మామూలే. మూడు, నాలుగు వందల రూపాయలకు దొరికే ఆ చిన్న పరికరం లేకుండా ఎవరికీ ఉష్ణోగ్రతలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

అడుగు పచ్చిగా ఉండటానికి కూర ఎంత కారణమో చల్లటి ట్రే అంత కారణం. పఫ్‌లను చల్లటి ట్రేలో పేర్చి లోపల పెడితే, ట్రే వేడెక్కేలోపు అడుగు నానిపోతుంది. ట్రేను ఓవెన్‌తో పాటే వేడెక్కించి, బటర్ పేపర్ మీద పేర్చిన పఫ్‌లను పేపర్‌తో సహా దాని మీదికి జరపాలి. కింది అరలో, రెండు కడ్డీలూ వెలుగుతుండగా, అసలైన 200 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు. తర్వాత 180కి తగ్గించి మరో 14 నిమిషాలు. మధ్యలో ట్రేను ఒకసారి తిప్పాలి. ఒక పఫ్‌ను తిప్పి అడుగున గోటితో తడితే టకటకమనాలి. పైన రంగు చూసి తీసేయడం అందరూ చేసే పని, పై రంగు అడుగు సంగతి చెప్పదు.

గుడ్డు పూతకు బదులు మూడు రకాలు పూసి పక్కపక్కన కాల్చాం. కొబ్బరి పాలకు మెరుపు వచ్చింది, రంగు రాలేదు. శనగపిండి జారుకు రంగు వచ్చింది గానీ పైన పొడిబారినట్టు కనిపించింది. సోయా పాలలో కొంచెం బెల్లం, నాలుగు చుక్కల నూనె కలిపినది బాగా కుదిరింది. ఎర్రబడాలంటే మాంసకృత్తులూ చక్కెరా రెండూ కావాలి, సోయా పాలు ఒకటిస్తే బెల్లం రెండోది ఇస్తుంది. బెల్లం ఎక్కువైతే మచ్చలుగా మాడుతుంది. మూడు పెద్ద చెంచాల పాలకు అర చిన్న చెంచా దాటవద్దు.

తీసిన పఫ్‌లు ఊచల స్టాండు మీదే చల్లారాలి. స్టీలు డబ్బాలో పేర్చి మూత పెడితే చేసిన శ్రమంతా పది నిమిషాల్లో మెత్తబడుతుంది. రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెల్లో, పొరల మధ్య కాగితం వేసి పంపించాం.

ఆర్డరు రోజు

ముందురోజు సాయంత్రం కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టారు. పఫ్‌లు కూడా ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టేద్దామని ఆవిడ ఆలోచన. పచ్చి పిండి, కూర రాత్రంతా పక్కపక్కన ఉంటే తెల్లవారేసరికి అడుగు నానుతుంది. అయితే డీప్ ఫ్రిజ్ వేరు. అందులో నీరు గడ్డకట్టి కదలదు. పై అరలో పట్టినన్ని, సుమారు 45, ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేశాం. వాటిని కరిగించకుండా అలాగే కాల్చాలి, ఆరేడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మిగిలినవి ఆరోజు భోజనాల తర్వాత ఒత్తారు.

ఒక ట్రేకు 12 పఫ్‌లు. ఒక్క ఓటీజీతో పదికి పైగా విడతలంటే ఐదు గంటలు దాటుతుంది. పక్కింటివాళ్ల ఓటీజీ తెచ్చుకొని, దానిలోకీ కొత్త ట్రే, కడిగిన ఊచల అర పెట్టాం. వంటింట్లోని ఒకే పవర్ ప్లగ్ లైను మీద రెండూ పెడితే కరెంటు ఎక్కువై ఎంసీబీ స్విచ్ పడిపోతుందని ముందే ఊహించి రెండోదాన్ని ఏసీ ఉన్న గదిలోని ప్లగ్‌కు తగిలించాం. ఏసీ ఆపి, ఓటీజీ వేసుకొని, ఆ గదిలో నిలబడినవాళ్ల అవస్థ చెప్పనవసరం లేదు. రెండున్నరకు మొదలుపెట్టి ఐదున్నర దాటేసరికి ఆఖరి ట్రే తీశారు.

విచ్చుకున్నవి, అడుగు తడిగా ఉన్నవి కలిపి రెండు మూడు పక్కన పెట్టారు. అవి ఆవిడ ఇంట్లోనే అయిపోయాయి. గడ్డకట్టించి కాల్చినవాటి అడుగు అప్పటికప్పుడు చేసినవాటి కంటే గట్టిగా రావడం గమనించాం. ఆ తర్వాత ఆర్డర్లకు ఆవిడ ముందుగానే గడ్డకట్టించే పద్ధతినే ఎంచుకుంటున్నారు, దానికోసం చిన్న డీప్ ఫ్రీజరు కొన్నారు. మనవడు మూడు తిన్నాడని వాళ్ల అమ్మ చెప్పింది. నానమ్మ ఆవ పోసిన డజనులో నాలుగు దాచుకొని రాత్రి అన్నంలోకి చిదుముకొని తిన్నారట. కూరను అంత ఆరబెట్టిన మాకు ఆ మాట వింటే ఏమనుకోవాలో తెలియలేదు.

పనస సీజను దాటాక ఆవిడ ఇదే పిండిలో అరటికాయ, కంద పెడుతున్నారు. వాటిలో గంజి ఎక్కువ, నీటిని అదే పట్టుకుంటుంది కాబట్టి పుట్నాల పొడి అక్కర్లేదు. కందను మాత్రం చింతపండుతో బాగా ఉడికించి దురద తీయాలి, వేయించడం పనస కంటే తక్కువసేపు చాలు. వర్షాకాలం గాలిలో తేమకు కాలిన పఫ్‌లు రెండు గంటల్లోనే మెత్తబడుతున్నాయని ఈమధ్య ఫోను చేశారు. వడ్డించే ముందు 160 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు వేడి చేయమన్నాను. అప్పటికీ మెత్తగా ఉంటే మైదాలో కలిపే బియ్యప్పిండిని ఇంకో చెంచా పెంచి చూడమన్నాను.